చాకొలేటు చెక్క

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు సంక్రాంతి వెళ్లువఱకు తెలుగువారి యిండ్ల నడుమ గిన్నెలు నడచుచునే యుండును. ఈ యింటి అరిసెలు ఆ యింటికి, ఆ యింటి సున్నియుండలు ఈ యింటికి. వచ్చిన గిన్నెను వట్టిగా మరలింపరాదని పెద్దలు పెట్టిన మర్యాద. ఏమియు లేనినాడు చిటికెడు పంచదారయైనను వేసి పంపుదురు. పుచ్చుకొన్నవారు చిన్నవారు కాకుండవలెననుటయే ఈ మర్యాదలోని ఆంతర్యము.

బడిపంతులుగారి యింట ఈ విషయము మఱింత చిక్కైనది. పండుగ వచ్చినను, పరీక్షలు దగ్గఱించినను, విద్యార్థుల తల్లిదండ్రులు మిఠాయిపెట్టెలు పంపుదురు. వానిలో పెక్కింట ప్రేమయే యుండును. కొన్నింట మాత్రము పెట్టె అడుగున మార్కుల మాట దాగియుండును. పైకి రెండును ఒక్కతీరుననే కనబడును. తిప్పి పంపితిమా, ప్రేమతో నిచ్చినవారి మనసు నొచ్చును. ఉంచుకొంటిమా, తక్కినవారికి లేనిపోని ఆశ పుట్టును. మా వారు వచ్చిన పెట్టెలనెల్ల తరగతిలోని పిల్లలందఱకును పంచివేయుదురు. ఇచ్చిన యిండ్లకు మరల ఏమి పంపవలెనను భారము మాత్రము మా పాలిటిదే.

భగవద్గీత 17వ అధ్యాయమున దానము మూడు విధములుగ చెప్పబడినది. ప్రతిఫలము కోరక, తగిన చోట, తగిన వేళ, తగినవారికి ఇచ్చునది సాత్త్వికము. మరల మేలుపొందగోరి ఇచ్చునది రాజసము. తగని చోట, చులకన చేసి యిచ్చునది తామసము. ఈ భేదము అంగడిపెట్టె మీద అచ్చువేసి యుండదు గదా! కుచేలుడు చినిగిన కొంగున కట్టికొని పోయిన అటుకులకు వెల కట్టినవారెవ్వరు? చేతితో చేసినదియు, అందఱకు ఒక్కకొలతగా పంచినదియు అయిన భక్ష్యమునకు ఇతరులు వెలకట్టలేరు, దానివలన ఒకరికొకరు ఋణపడరు. ఈ యాలోచనతోనే మేము కొన్నేండ్లుగా అరిసెలతోపాటు చాకొలేటు చెక్కయు చేసి పంపుచున్నాము.

ఇంగ్లీషువారు దీనిని ‘బార్క్’ అందురు. అనగా చెట్టు బెరడు. పలుచగా పోసి గట్టిపడిన పిమ్మట చేతితో విఱిచినచో ముక్కలు బెరడువలె ఎగుడుదిగుడుగా వచ్చును. మనకు దాల్చినచెక్క కలదు, వేరుసెనగచెక్క కలదు. కావున దీనిని చాకొలేటు చెక్క యన్న తప్పేమి?

ఇది పరదేశపు వస్తువు గదాయని కొందఱు పెద్దలు ముఖము చిట్లింతురు. కోకోచెట్టు పుట్టినిల్లు అమెరికాఖండమే. 1753లో లిన్నేయసు అను వృక్షశాస్త్రజ్ఞుడు దానికి ‘థియోబ్రోమా’ అని, అనగా దేవతలాహారమని, పేరిడినాడు. కాని నేడు మన దేశమున కోకో హెచ్చుగా పండునది ఆంధ్రప్రదేశముననే. ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడలందు ఆ కాయలు మ్రానునకే అంటిపెట్టుకొని వ్రేలాడుచుండుట చూడవచ్చును. కాయను కొట్టి, తెల్లని గుజ్జుతో గింజలను తీసి, కుప్పపోసి కప్పి, ఆఱేడు దినములు పులియనిచ్చి, పిమ్మట ఎండబెట్టుదురు. ఈ పులియుటయందే చాకొలేటు వాసనకు మొలక. వేయించునపుడు అది విరియును.

ఇక సామగ్రి మాట. అంగడిలో ముద్దచాకొలేటు కొనునపుడు కాగితము మీది అక్షరములు తప్పక చదువవలెను. మన దేశపు ఆహారనిబంధనలను బట్టి చాకొలేటునందు కోకోవెన్న గాక ఇతరమైన వృక్షపు కొవ్వు నూటికి 5 పాళ్లు మించరాదు. ‘కాంపౌండు’ అని అమ్మునది వేఱు. అందు కోకోవెన్నకు బదులు ఇతరపు కొవ్వు కలిపియుందురు. 2024లో పశ్చిమాఫ్రికాయందు పంట తగ్గి, టన్ను కోకో వెల ప్రపంచవిపణిలో 10,000 డాలర్లు దాటినది. వెల పెరిగినపుడెల్ల ఇట్టి బదులు వస్తువుల మీదికి అమ్మువారి చూపు పోవుట సహజము. కాంపౌండు చౌక, పని సులభము. కాని నాలుక మీద మైనమువలె నిలుచును. ఇచ్చునది కొంచెమైనను అసలైనదే యీయవలెనని మా మతము.

కావలసినవి: నల్లచాకొలేటు 400 గ్రాములు, జీడిపప్పు 80 గ్రాములు, వేరుసెనగపప్పు 40 గ్రాములు, ఎండుద్రాక్ష 20 గ్రాములు, వేయించిన నువ్వులు 10 గ్రాములు, చిటికెడు ఉప్పు. పప్పులను ముందుగా వేయించి పూర్తిగా చల్లార్చవలెను. తడి కలది ఏదియు పనికిరాదు. పచ్చికొబ్బరియు, కడిగిన పండ్లును దగ్గఱకు రానీయరాదు.

బెల్లపుపాకము పట్టుట యెఱిగిన చేతికి ఈ పని కష్టము కాదు. పాకమునందు నీళ్లలో వేసి ఉండకట్టినదో లేదో చూతుము. ఇచ్చట చూడవలసినది పాకము కాదు, కొవ్వు. కోకోవెన్న గట్టిపడునపుడు ఆఱు విధములైన స్ఫటికములుగా పేరుకొనగలదు. వానిలో ఐదవది యొక్కటియే మెఱుపును, పుటుక్కున విఱుగు గుణమును ఇచ్చును. అది 33, 34 డిగ్రీల వేడికి నోట కరగును. కరగించి ఊరక పోసినచో తక్కిన జాతులు పేరుకొని చెక్క మెత్తబడును, కొన్నాళ్లకు పైన తెల్లని పొర తేలును. పాలకు తోడు వేసినట్లు, కరగిన దానికి మంచి చాకొలేటునే తోడు వేయుట దీనికి ఉపాయము.

చాకొలేటును సన్నగా తఱిగి, 300 గ్రాములు ఒక పొడిగిన్నెలో వేసి, తక్కిన 100 గ్రాములు వేఱుగ నుంచవలెను. వేఱొక పాత్రలో రెండంగుళముల నీరు వెచ్చబెట్టి, పొగలు మాత్రము వచ్చునట్లు మంట తగ్గించి, గిన్నె అడుగు నీటికి తగులకుండ దానిపై నుంచవలెను. గరిటెతో మెల్లగా కలుపుచుండగా కరగును. వేడి 45 మొదలు 50 డిగ్రీలలోపుననే దించి, గిన్నె అడుగు గుడ్డతో తుడువవలెను. ఒక్క నీటిచుక్క పడినను చాకొలేటు ఇసుకముద్దవలె బిగిసిపోవును. పిమ్మట ఉంచిన 100 గ్రాములను మూడు దఫాలుగా వేయుచు కలుపవలెను. 31, 32 డిగ్రీలకు దిగినపుడు అదను. ఉష్ణమాపకము లేనివారు ఒక చుక్క క్రింది పెదవికి తాకించి చూతురుగాక. పెదవికంటె ఒకింత చల్లగా తోచవలెను. కత్తిమొన ముంచి తీసి ఐదు నిమిషములుంచినచో మెఱయుచు గట్టిపడవలెను. పడనియెడల మఱికొన్ని పలుకులు వేసి కలుపవలెను.

అంతట పళ్లెములో నూనెకాగితము పఱచి, చాకొలేటు పోసి, 4 మిల్లీమీటర్ల మందమున సర్ది, వెంటనే పప్పులు, ద్రాక్ష, నువ్వులు, ఉప్పు చల్లవలెను. ఆలస్యమైనచో పప్పు అంటుకొనదు. ఈ పని తెల్లవారుజామున, పొయ్యి వెలిగించి వంట మొదలిడకముందే చేయుట మేలు. గది వెచ్చగానున్నచో పళ్లెమును 10 నిమిషములు మాత్రము శీతలయంత్రమున నుంచవచ్చును. అంతకు మించినచో బయటి గాలి తగిలి తడి పట్టును, ఆ తడికి పంచదార పైకి తేలి తెల్లబడును. గట్టిపడిన చెక్కను కత్తితో కోయక చేతితో విఱువవలెను. ఐదు పొట్లములగును, ఒక్కొక్కటి 100 గ్రాములకు తక్కువ కాదు.

పొట్లము మీద ఏయే పప్పులు వేసితిరో వ్రాయుట మఱవకుడు. వేరుసెనగ, జీడిపప్పు సరిపడని బిడ్డలు కొందఱుందురు. వారికి అది ప్రాణాపాయము. పసివారికి నిండుపప్పు గొంతున పడును గావున వారి పొట్లమునకు పప్పు పొడిచేసి చల్లవలెను. కుక్కలకు చాకొలేటు విషమని పిల్లలకు చెప్పవలెను.

క్రిందటి సంక్రాంతికి మేము పంపిన పొట్లములలో ఒకటి, పరీక్షల ముంగిట పెద్దపెట్టె పంపిన యొక యింటికి పోయినది. వేఱొకటి, ఒక విద్యార్థి తల్లికి. ఆమె కోకోతోటలో కాయలు కొట్టు కూలిపని చేయును. పండుగకు మాకు పెరటి సొరకాయ పంపినది. ఆమె ముక్క నోట వేసికొని, కొంతసేపూరకుండి, “మేం కొట్టే కాయేనా అమ్మగారూ ఇదీ?” అని యడిగినది. ఔనంటిమి. ఇన్నేండ్లు ఆ గింజలను ఎండబోసినను, దాని రుచి యేమో ఆమె ఎఱుగదు. సగము కొంగున ముడివేసి బిడ్డకని దాచినది. ఆ మఱునాడు ఆమె కుమారుడు తరగతిలో, ఇది మా అమ్మ చేతి కాయ యని చెప్పుకొన్నాడని మా వారు చెప్పిరి. పెద్దపెట్టె వారికిని, సొరకాయ వారికిని పోయిన పొట్లముల తూకము ఒక్కటియే. ఆ తరువాత పెద్దపెట్టె మరల రాలేదు. వారి బిడ్డ మాత్రము యథాప్రకారము మా అరుగు మీదికి వచ్చి లెక్కలు చేసికొనుచున్నాడు. మాకు కావలసినదియు అంతియే.

ఇప్పటికి చలి యున్నది. మాఘము దాటి ఎండలు ముదిరిన పిమ్మట ఈ చెక్క చేతిలోనే కరగును గావున, చేయదలచిన సోదరీమణులు ఆలసింపక ఈ పక్షముననే చేసి, గాలి చొరని డబ్బాలో నింపి, మొదటి పొట్లమును ఎవరికి పంపవలెనో ముందుగా ఆలోచించుకొందురుగాక.