అలిపిరి దగ్గరే ఆగిపోతున్న ఆతిథ్యం

సొంతబండిలోనో అద్దెబండిలోనో తిరుమల కొండ కింది అలిపిరికి వచ్చే యాత్రికుడికి తిరుపతి జిల్లా చేస్తున్న అన్యాయం గురించి ఇకనైనా గట్టిగా మాట్లాడుకోవాలి. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, తెలంగాణల నుంచి టెంపో ట్రావెలర్లలో, మినీ బస్సుల్లో కుటుంబాలకు కుటుంబాలే తరలివస్తాయి. రెండు మూడు రోజులు ఆ బండే వాళ్లకు ఇల్లు. బియ్యం మూట, గ్యాస్ పొయ్యి, దుప్పట్లు, నీళ్ల క్యాన్లు అన్నీ అందులోనే.

తెల్లవారుజామున అలిపిరి కింది రోడ్ల వెంట నడిచినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. బండి చాటున అట్టముక్కలు అడ్డంపెట్టి పొయ్యి వెలిగించి ఉంటారు. ఇద్దరు ఆడవాళ్లు చీర అడ్డంగా పట్టుకుంటే దాని వెనక మూడో ఆమె తడిబట్టలు మార్చుకుంటుంది. రాత్రంతా బండి నడిపిన డ్రైవరు కాళ్లు కిటికీలోంచి బయటపెట్టి ముందుసీట్లోనే కునుకు తీస్తుంటాడు. సాయంత్రానికి మళ్లీ స్టీరింగ్ పట్టాల్సింది అతనే. పొద్దెక్కేసరికి ఎవరో వచ్చి బండి తీయమంటారు. ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం చెప్పరు.

బండ్లు రావడం నిన్న మొన్న మొదలైంది కాదు. కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి తనిఖీ కేంద్రం దాటే వాహనాలకు ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. వరస తొందరగా కదలాలంటే అది మంచి పనే. అయితే గేటు దగ్గర ఇంత పక్కాగా ఏర్పాటు చేయగలిగినవాళ్లు గేటుకు ఇవతల రాత్రి గడపాల్సిన యాత్రికుడి గురించి ఎందుకు ఆలోచించరు? పార్కింగ్ అంటే బండి నిలిపే జాగా మాత్రమే అనుకోవడం దగ్గరే తప్పు మొదలైంది. బండితో పాటు మనుషులుంటారు. వాళ్లకు స్నానం, మరుగుదొడ్డి, వంట, నిద్ర కావాలి.

2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం అడవి ఈ పక్కనే ఉంది. దాని అంచున దిక్కులేక పొయ్యిలు వెలిగించుకునే పరిస్థితి యాత్రికుడికీ మంచిది కాదు, అడవికీ మంచిది కాదు.

రెండో అన్యాయం ఇంకా పెద్దది. దర్శనం చేసుకుని కొండ దిగిన బండి తిరుచానూరు చూసుకుని నేరుగా ఇంటిదారి పడుతుంది. ఈ సీమలో చూడదగినది ఇంకేముందో వాళ్లకు చెప్పేవారు లేరు. తిరుపతికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో చంద్రగిరి కోట ఉంది. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి, మద్రాసు నేల ఇంగ్లీషువారి చేతికి వెళ్లిన 1639 నాటి కథతో ముడిపడిన చోటు. అక్కడి రాజమహలును కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. ఏర్పేడు దగ్గర గుడిమల్లంలో పరశురామేశ్వరుడున్నాడు. లింగం మీదే నిలువెత్తు శివుడు, ఒక చేత పొట్టేలు, భుజాన గొడ్డలి, కాళ్ల కింద యక్షుడు. ఆ విగ్రహం క్రీస్తుకు పూర్వపుదని పలువురు పండితుల మాట. తలకోనలో 270 అడుగుల జలపాతం ఉంది. శ్రీకాళహస్తిలో కలంతో గుడ్డమీద బొమ్మలు వేసే కలంకారీ కుటుంబాలున్నాయి. ఘాట్ రోడ్డు పక్క కొండకోతలోనే కింద పురాతన గ్రానైటు, పైన దానికంటే కోట్ల ఏళ్లు చిన్నదైన క్వార్ట్‌జైటు పొరలు కనబడతాయి. ఆ కొండకోతను జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. రోజూ దాన్ని దాటివెళ్లే వేలమందిలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లం కనుక ఇది మనకు మరీ బాధ కలిగించే విషయం. యాత్రికుడు ఇంకొక్క రోజు నిలిస్తే చంద్రగిరిలో టిఫిన్ బండి నడిపే ఆమెకు, కాళహస్తి కలంకారీ కళాకారుడికి, తలకోన దారిలోని పల్లెలకు నాలుగు రాళ్లు దక్కుతాయి. ఇప్పుడు ఆ మేలంతా కొండకు, నగరానికి మధ్యే ఆగిపోతోంది.

కేరళ 2021లోనే కేరవాన్ పర్యాటక విధానం ప్రకటించి, బండ్లు నిలిపి బసచేసే పార్కుల వైపు అడుగు వేసింది. మన రాష్ట్రంలోనూ కేరవాన్ల మాట వినిపిస్తోంది. ఆ మాట ఏసీ పడకలున్న ఖరీదైన బండ్ల దగ్గరే ఆగితే ప్రయోజనం లేదు. బండినే ఇల్లు చేసుకుని వచ్చే సామాన్య భక్తుడే మన అసలు కేరవాన్ యాత్రికుడు. విధానం అతని నుంచి మొదలుకావాలి.

చేయాల్సిన పనులు అసాధ్యమైనవేమీ కావు. అలిపిరికి రెండు మూడు కిలోమీటర్ల లోపు రాత్రి విడిది స్థలాలు గుర్తించాలి. వాటిలో కుళాయిలు, ఆడవాళ్లకు తలుపులున్న స్నానపు గదులు, అడవికి దూరంగా వంటషెడ్లు, డ్రైవర్లు పడుకునే హాలు ఉండాలి. రుసుము ఎంతో బోర్డు మీద రాసిపెట్టాలి. అక్కడి నుంచి కొండకు వెళ్లే బస్సుల దాకా ఆర్టీసీ బస్సు తిరగాలి. చంద్రగిరి, ఏర్పేడుల్లో చిన్న విడిదులు కట్టాలి. చుట్టుపక్కల చూడాల్సిన చోట్ల దూరాలు, వేళలు తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో అలిపిరిలోనే పెద్ద అక్షరాలతో కనబడాలి.

దేవస్థానం, నగరపాలక సంస్థ, పర్యాటక శాఖ, పురావస్తు శాఖ ఇది తమ పని కాదని ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం ఇక చాలు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. జిల్లా యంత్రాంగం ఈ నలుగురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, గడువు పెట్టి పని మొదలుపెట్టించాలి. వచ్చే బ్రహ్మోత్సవాల నాటికి కనీసం ఒక్క విడిది స్థలమైనా తెరవాలి. అది కూడా చేతకాకపోతే, అతిథి మర్యాద గురించి మాట్లాడే అర్హత ఈ ఊరి పెద్దలకు లేదు.