ఆదివారం పనికి రానన్న అమ్మ

మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. గుడివాళ్లు అలాగే అంటారు. ఎనభై దాటాయని మా లెక్క. సరైన లెక్క లేదు. మాదిగపల్లెలో పుట్టిన ఆడపిల్లకి పుట్టినతేదీ ఏ కరణం రాసిపెట్టాడు గనుక! ఆమె పేరు మొట్టమొదట కాగితం మీదికెక్కింది గుడి పుస్తకంలో. 1954లో చెరువులో ముంచి బాప్తిస్మం ఇచ్చిననాడు పాస్టరయ్యగారు రాసిన పేరు అది. సర్కారు ఆమెను గుర్తించింది ఆ తర్వాత చాలా ఏళ్లకి, రేషన్ కార్డులో. అదీ వేరే పేరుతో.

ఆ రెండు పేర్ల గురించే ఈ నాలుగు మాటలు.

మాది ఒంగోలు దాపున ఒక పల్లె. అమ్మ పొగాకు చేలల్లో, మిరప కోతల్లో, గ్రేడింగు షెడ్లలో పనిచేసి మా నలుగుర్ని సాకింది. మాలో చివరివాడి డిగ్రీయే ఆ ఇంట్లో మొదటి డిగ్రీ. అంబేద్కర్‌ని చదివి, సంఘంలో తిరగటం మొదలుపెట్టాక మాకు అమ్మ భక్తి నచ్చేది కాదు. "పరలోకంలో ఇల్లు తర్వాత, ముందు ఇక్కడ ఇంటిస్థలం అడగమ్మా" అని ఎగతాళి చేసేవాళ్లం. ఆమె నవ్వేది. "రెండూ అడుగుదాం లేరా అబ్బయ్యా, నీ సొమ్మేం పోయింది" అనేది.

తప్పు మాదే. అది తెలుసుకోవటానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

అమ్మ కాపరానికొచ్చిన కొత్తలో జరిగింది ఇది. పొగాకు ఆకు కోతల కాలం. ఆదివారం కూడా రమ్మని ఆసామి కబురు పెట్టాడు. అమ్మ రానంది. "ఆరు రోజులు మీయి, ఒకరోజు దేవుడిది" అంది. ఆ ఇంటి పాలేరు పెళ్లాం అంత మాటంటే ఊరుకుంటారా? రెండు వారాలు పనికి పిలవలేదు. ఇంట్లో గంజి కూడా కష్టమైంది. మూడోవారం పల్లెలో ఆడోళ్లంతా ఆదివారం తెల్లచీరలు కట్టుకుని గుడికి పోయారు. పండిన ఆకు చేలో నిలవదు. సోమవారం పొద్దున్నే ఆసామే కబురు పంపాడు. ఆ తర్వాత ఆదివారం ఎవరూ పిలవలేదు. అప్పటికి మా ఊళ్లో ఎర్రజెండా లేదు, నీలిజెండా లేదు. మేం తర్వాత పుస్తకాల్లో సమ్మె అని చదువుకున్నది ఇదే.

ఇది మా అమ్మ ఒక్కతె కథ కాదు. 1860ల్లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి ఒంగోలు మిషనుకి దారి వేశాడు. చేరేవాళ్లకి క్లౌ దొర పెట్టిన షరతులు మూడు: ఆదివారం పనిచేయొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఊరి పెత్తనం నిలబడిందే వెట్టి మీద, గొడ్డు మీద, జాతరలో కొట్టే డప్పు మీద. మూడు షరతులూ ఆ పెత్తనానికే తగిలాయి. అందుకే ఊళ్లు మనవాళ్ల మీద అంతగా మండిపడ్డాయి. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. గింజల కోసం మారారని ఇప్పటికీ అంటారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వించి కూలి ఇప్పించిన క్లౌ, ఆ పనులు నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ సంగతి అనేవాళ్లు చెప్పరు. వాళ్లు మునిగింది గింజల కోసం కాదు, మనుషులుగా లేవటానికి.

అమ్మ అక్షరాలు నేర్చుకుంది కీర్తనల పుస్తకం మీద వేలు పెట్టి. నలుగురిలో నిలబడి మాట్లాడటం నేర్చుకుంది గుడిలో సాక్ష్యం చెప్పి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని నరికి చంపారు. మిగిలినవాళ్లు చీరాలకు పరిగెత్తి శిబిరంలో ఉన్నారు. మా పల్లె ఆడోళ్లు పూటపూటా గుడికోసం తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆ వారం గుడికి కాదు, చీరాలకు పోయింది. ఆ కేసులో సాక్షి దుడ్డు అలీసమ్మను తర్వాత చంపేశారు. "సాక్ష్యం చెప్పినందుకు చంపారు తల్లిని" అని అమ్మ చాన్నాళ్లు తలుచుకునేది. గుడిలో చెప్పే సాక్ష్యం, కోర్టులో చెప్పే సాక్ష్యం ఆమెకి ఒకటే.

అలాగని గుడిని నెత్తిన పెట్టుకుని ఊరేగటం లేదు. మాలలకో గుడి, మాదిగలకో గుడి ఉన్న ఊళ్లు మనం ఎరుగుదుం. మిషను స్థలాలు అమ్ముకుతిన్న పెద్దల్నీ ఎరుగుదుం. అమ్మా ఎరుగును. "మనుషులు కట్టిన గుడి గదా, వంకర ఉంటది" అనేది.

ఇక రెండో పేరు సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లిముల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులకి చూపించింది బీసీ-సీ, ఒక్క శాతం. మాలో చివరివాడికి ఉద్యోగం వేళ ఎమ్మార్వో ఆఫీసు నుంచి మనిషి విచారణకు వచ్చాడు. ముందే కబురు తెలిసి అమ్మ గోడ మీది యేసుప్రభువు క్యాలెండరు తీసేసింది. బైబిలు బియ్యం డబ్బాలో దాచింది. జన్మలో బొట్టు పెట్టని మనిషి బొట్టు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన పోయాక బొట్టు తుడుచుకుని మోకాళ్ల మీద కూర్చుంది. చీకటి పడ్డా లేవలేదు. మేం తింటున్నది ఆ అన్నమే.

ఆసామికి వంగని మనిషిని ఒక పేరా వంచింది. అబద్ధం ఆడింది అమ్మా, ఆ ఉత్తర్వా? బాప్తిస్మం తీసుకుంటే ఇల్లు పల్లె నుంచి ఊళ్లోకి జరిగిందా? హోటల్లో రెండో గ్లాసు మాయమైందా? 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టిన ఒక పాస్టరు విషయంలో, క్రైస్తవంలోకి మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. తిట్టేవాడికి మన కులం గుర్తుంటుంది. చట్టమే మరిచిపోతుంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసెయ్యమని 2007లోనే చెప్పింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. కేంద్రం 2022లో ఇంకో కమిషన్ వేసింది. కమిషన్ల మీద కమిషన్లు, మధ్యలో అమ్మలు పోతున్నారు.

వాటా తగ్గుతుందని మనలోనే కొందరికి భయం. ఆ భయాన్ని కొట్టిపారెయ్యం. కానీ మా అమ్మలాగా పేరు దాచుకుని ఆ లెక్కలోనే బతుకుతున్నవాళ్లు ఎందరు! పేరా తీసెయ్యమని, జనాభాని బట్టి కోటా పెంచమని రెండూ కలిపి అడగాలి. సంఘాలు అమ్మల ప్రార్థనల్ని ఎగతాళి చేయటం మానాలి. పాస్టరయ్యగార్లు ఈ పేరా గురించి బల్ల దగ్గర నిలబడి చెప్పాలి.

ఆదరణ కూడిక నాడు చుట్టాలంతా ఒకటే తర్జనభర్జన. సచివాలయం కాగితంలో ఏ పేరు, సమాధి రాయి మీద ఏ పేరు? కాగితంలో కాగితం పేరే రాయించాం. రాయి మీద గుడి పేరు చెక్కించాం. ఎవడైనా ఫోటో తీసి పిటిషన్ పెడతాడేమోనని మా పెద్దన్న ఇప్పటికీ భయపడుతున్నాడు. ఈ రాత కింద మా పేరు లేదు, అమ్మ పేరూ లేదు. ఎందుకో చదివే మీకు చెప్పక్కర్లేదు.

ఆరు రోజులు మీయి, ఒకరోజు దేవుడిది అని ఆమె ఆసామి మొహం మీద చెప్పింది. ఒక మనిషికి ఒక పేరు చాలని సర్కారు మొహం మీద చెప్పాల్సింది ఇప్పుడు మనం.