బంతి బేరం

అమెరికాలో గోల్ఫు ఆడే తెలుగువాళ్ళు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. ఒకప్పుడు శనివారం పొద్దున్నే క్రికెట్ కిట్ మోసినవాళ్ళే, మోకాళ్ళు మొరాయించాక గోల్ఫు సంచీ భుజానికెత్తుకున్నారు. కొందరిని క్లయింటు మేనేజరు లాక్కొచ్చాడు. కొందరిని హైస్కూలు జట్టులో చేరిన పిల్లలు లాక్కొచ్చారు. ఎలా వచ్చినా మొదటి నెలలోనే అందరూ వచ్చి ఆగిపోయే చోటొకటుంది. అదే దుకాణంలో బంతుల పెట్టెలు పేర్చిన గోడ. డజను 20 డాలర్ల దగ్గర మొదలై 50 డాలర్ల పైదాకా పోతుంది. ప్రతి పెట్టె మీదా 'డిస్టెన్స్', 'స్పీడ్', 'సాఫ్ట్' అనే మాటలే. ఏది కొనాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్కోరు ఇంకా 95 దాటుతున్నవాళ్ళకి, కొట్టిన ప్రతి మూడో బంతీ కుడివైపు వంకర తిరిగి చెట్లలోకి పోయేవాళ్ళకి, 20 - 25 డాలర్ల రెండు పొరల బంతి చాలు. చాలడమే కాదు, అదే మేలు కూడా. డబ్బు లేకపోతే సర్దుకోమని చెప్పే మాట కాదిది. దీని వెనక కాస్త ఫిజిక్సు, కాస్త కూడికలూ తీసివేతలూ ఉన్నాయి.

అందరికీ ఒకటే గోడ

గోల్ఫు నియమాలు చూసే సంస్థలు రెండు: అమెరికాలో యు.ఎస్.జి.ఎ., స్కాట్లండులో ఆర్ అండ్ ఎ. వాళ్ళ లెక్క ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. క్లబ్ తగిలిన క్షణంలో ఎంత వేగంతో బయల్దేరవచ్చో దానికీ ఒక హద్దుంది. గంటకు 120 మైళ్ళ వేగంతో యంత్రం కొడితే 317 గజాలు, పైన 3 గజాల సడలింపు. అంతకు మించి పోతే ఆ బంతి పోటీలకు పనికిరాదు. 2023 డిసెంబరులో ఈ పరీక్షని ఇంకాస్త కఠినం చేస్తామని రెండు సంస్థలూ ప్రకటించాయి. అంటే యంత్రం 125 మైళ్ళ వేగంతో కొట్టినా దూరం హద్దు మాత్రం పాతదే. మనలాంటి వారాంతపు ఆటగాళ్ళకి దీనివల్ల తగ్గేది 5 గజాలో, అంతకన్నా తక్కువో అని వాళ్ళే చెప్పారు.

దీని అర్థం ఏమిటి? పేరున్న ప్రతి కంపెనీ ఆ హద్దుగోడ దాకా ఏనాడో వచ్చేసింది. 22 డాలర్ల డజనూ, 55 డాలర్ల డజనూ డ్రైవర్‌తో కొట్టినప్పుడు ఒకే గోడకి ఆనుకుని నిలబడ్డవే. 'అత్యంత దూరం' అని పెట్టె మీద రాసిన కంపెనీ అబద్ధం చెబుతోందని కాదు. పక్క పెట్టె కూడా అదే మాట అనగలదు, అంతే. కాబట్టి పెట్టెలో వెతకాల్సింది దూరం కాదు, స్పిన్.

గాలిలో జరిగేది

క్రికెట్ తెలిసినవాళ్ళకి ఇది వివరించడం తేలిక. లెగ్ స్పిన్నర్ టాప్ స్పిన్ వేస్తే బంతి అనుకున్నదానికన్నా ముందే కిందికి దిగిపోతుంది. గోల్ఫులో జరిగేది దానికి సరిగ్గా తిరగేసిన పని. క్లబ్ ముఖం ఏటవాలుగా ఉంటుంది కనుక బంతి వెనక్కి తిరుగుతూ ముందుకి పోతుంది. ఆ వెనుక తిరుగుడు బంతిని పైకి ఎత్తి పడుతుంది. ఎడింబరో ప్రొఫెసర్ పీటర్ గత్రీ టేట్ 1890లలోనే ఈ సంగతి లెక్కగట్టి చెప్పాడు. ఆయన కొడుకు ఫ్రెడీ టేట్ 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. ఇంట్లోనే ప్రయోగశాల ఉన్నట్టన్నమాట.

బంతి మీది గుంటల కథ కూడా సరదాగానే ఉంటుంది. 1848 ప్రాంతంలో మలయా చెట్ల పాలతో చేసిన గట్టాపెర్చా బంతులు వచ్చాయి. కొత్తవి నున్నగా ఉండి సరిగా ఎగిరేవి కావు. ఆడి ఆడి గాట్లు పడ్డవే బాగా ఎగిరేవి. గరుకు ఉపరితలం బంతిని ఆనుకున్న గాలి పొరను కలచివేస్తుంది. దాంతో ఆ పొర బంతిని ఇంకాస్త వెనక దాకా అంటిపెట్టుకుని, బంతి వెనక ఏర్పడే సుడి చిన్నదవుతుంది, గాలి లాగుడు తగ్గుతుంది. అదే వేగంతో కొడితే నున్నని బంతి గుంటల బంతి పోయే దూరంలో ఇంచుమించు సగమే పోతుంది.

మరి స్పిన్ అంత మంచిదైతే తక్కువ స్పిన్ బంతి ఎందుకు? స్పిన్ ఎత్తే పని ఒక్కటే చెయ్యదు, గాలి లాగుడు కూడా పెంచుతుంది. డ్రైవర్‌తో కొట్టినప్పుడు ప్రొఫెషనల్ బంతి నిమిషానికి 2,600 చుట్లకి అటూ ఇటూగా తిరుగుతుంది. మామూలు ఆటగాడిది తరచు 3,000 దాటుతుంది. దాంతో బంతి గాలిపటంలా పైకి లేచి, అక్కడే నిలబడినట్టయి, నిటారుగా పడిపోతుంది. ఇక దొర్లడం ఏమిటి!

రెండో సంగతి ఇంకా ముఖ్యం. క్లబ్ ముఖం తెరుచుకుని తగిలితే ఆ తిరుగుడు అక్షం పక్కకి వాలుతుంది. ఎత్తాల్సిన బలంలో కొంత పక్కకి తోస్తుంది. మనం స్లైస్ అనేది దీన్నే. మొత్తం స్పిన్ తక్కువ ఉన్న బంతిలో ఆ పక్క తోపు కూడా తక్కువే. చెట్లలో రెండు వరసల లోపల పడాల్సింది మొదటి వరసలో పడుతుంది. స్లైస్ మాత్రం పోదు. స్లైస్ పోగొట్టే బంతి ఒకటి 1970లలో వచ్చింది, పోలారా అని. గుంటలు బంతంతా ఒకేలా కాకుండా ఏర్పాటు చేశారు. దాంతో 1981లో బంతి అన్ని వైపులా ఒకేలా ఎగరాలన్న నియమమే పెట్టారు. ఆ మందు చట్టవిరుద్ధం. మిగిలింది మన చేతివాటం సరిచేసుకోవడమే.

22 డాలర్లకి ఏం వస్తుంది?

చౌక బంతిలో సాధారణంగా రెండు భాగాలు. లోపల పెద్ద రబ్బరు గుండు, పైన అయొనోమర్ అనే గట్టి ప్లాస్టిక్ పొర. ఒకప్పుడు డూపాంట్ వాళ్ళదైన సర్లిన్ ఈ జాతిదే. గట్టి పొర క్లబ్ గాడులకి పట్టుబడదు, జారుతుంది. అందుకే స్పిన్ తక్కువ. పైగా రాయికి తగిలినా, సిమెంటు బాట మీద పడ్డా అంత తొందరగా చెక్కుకుపోదు. పినకిల్, టాప్‌ఫ్లైట్ బంతులు, టైట్లిస్ట్‌లో వెలాసిటీ, ట్రూఫీల్, కాలవేలో సూపర్‌సాఫ్ట్, శ్రిక్సన్‌లో సాఫ్ట్‌ఫీల్ ఈ కోవలోవి. పినకిల్‌నీ టైట్లిస్ట్‌నీ తయారుచేసేది ఒకే కంపెనీ, అకుష్‌నెట్.

ఖరీదు బంతిలో మూడు నాలుగు పొరలు, పైన మెత్తని యురెథేన్ తొడుగు. 2000 సంవత్సరం చివర్లో టైట్లిస్ట్ ప్రో వి1 వచ్చాక ప్రొఫెషనల్స్ దారం చుట్టిన పాత బంతులు వదిలేసి ఈ రకానికి మారిపోయారు. దీని గొప్పదనం డ్రైవర్ దగ్గర కాదు, గ్రీన్ దగ్గర. 40 గజాల నుంచి వెడ్జ్‌తో కొడితే ఒకటి రెండు సార్లు ఎగిరి టక్కున ఆగుతుంది. మీరు అదనంగా ఇచ్చే 30 డాలర్లూ ఆ 'టక్కున' కోసమే.

ఇక్కడ ఒక మెలిక. చౌక అంటే తక్కువ స్పిన్ అని కాదు. 2016లో కాస్ట్‌కో కర్క్‌లాండ్ పేరుతో నాలుగు పొరల యురెథేన్ బంతులు రెండు డజన్లు 30 డాలర్లకి అమ్మితే క్షణాల్లో ఖాళీ అయ్యాయి. అకుష్‌నెట్ నుంచి అభ్యంతరాల ఉత్తరం వచ్చింది, కాస్ట్‌కో 2017లో కోర్టుకెక్కింది, 2018లో రాజీ కుదిరింది. మన ఇళ్ళలో పప్పులూ బాదంపలుకులూ నూనే కాస్ట్‌కోవే కనుక బంతులూ అక్కడివే కొనేస్తాం. మంచి బేరమే. కానీ తరవాత వచ్చిన మూడు పొరల కర్క్‌లాండ్ ఎక్కువ స్పిన్ తరహా. గ్రీన్ దగ్గర నేర్పున్నవాడికి అది వరం, స్లైస్ వీరుడికి శాపం. ధర చూసి కాదు, తొడుగు చూసి కొనండి. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో అయొనోమరా, యురెథేనా అన్నది తరచు రాసే ఉంటుంది.

మెత్తదనం మాయ

'నీ స్వింగ్ నెమ్మది, మెత్తని బంతి తీసుకో' అని దుకాణంలో చెబుతారు. మెత్తని గుండు వల్ల స్పిన్ తగ్గే మాట నిజమే. కానీ మెత్తని బంతి బయల్దేరే వేగం కూడా కాస్త తక్కువే. గట్టిగా కొట్టేవాడికి ఆ తేడా తెలుస్తుంది, నెమ్మదిగా కొట్టేవాడికి పెద్దగా తెలియదు. చేతికి హాయిగా ఉందనిపిస్తే తీసుకోండి, దూరం పెరుగుతుందని మాత్రం కాదు.

స్వింగ్ వేగం 75 - 80 మైళ్ళ దగ్గర ఉన్నవాళ్ళ సంగతి వేరు. మన అమ్మానాన్నలూ, కొత్తగా మొదలెట్టిన ఆడవాళ్ళూ చాలామంది ఇక్కడే ఉంటారు. వీళ్ళ బంతికి గాలిలో నిలబడటానికి ఎత్తూ, కొంత స్పిన్నూ రెండూ కావాలి. మరీ తక్కువ స్పిన్ అయితే బంతి ముందే చతికిలబడుతుంది. వీళ్ళకి బంతి మార్చేకన్నా ఎక్కువ లాఫ్ట్ ఉన్న డ్రైవర్ ఇస్తే ఎక్కువ లాభం.

అడ్డంకి ఎక్కడుంది?

ప్రోగ్రాము నెమ్మదిగా నడుస్తుంటే ముందు ప్రొఫైలర్ పెట్టి చూస్తాం. 2 శాతం సమయం తినే ఫంక్షన్‌ని పట్టుకుని వారం రోజులు కూర్చునేవాణ్ణి చూసి నవ్వుతాం. అదే మనం గోల్ఫు దుకాణంలో మాత్రం ఆ లెక్క మరిచిపోతాం.

క్లబ్ వేగం 90 మైళ్ళనుకుందాం. నడిమధ్య తగిలితే బంతి వేగం దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 135 మైళ్ళ దాకా వస్తుంది. అంచుకు తగిలి 1.4 రెట్లే వస్తే 126. బంతి వేగంలో ఒక్కో మైలూ సుమారు 2 గజాలనుకుంటే, పోయింది 18 గజాలు. నిబంధనలకి లోబడ్డ రెండు మంచి బంతుల మధ్య డ్రైవర్ దూరంలో తేడా సాధారణంగా కొద్ది గజాలే. మన అడ్డంకి బంతి కాదు, క్లబ్ ముఖంలో మనం తగిలించే చోటు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత గోల్ఫు పుట్టకముందే మనకుందేమో!

ఇప్పుడు డబ్బు. ఆటకి 4 బంతులు పోతాయి, ఏడాదికి 20 ఆటలు. మొత్తం 80 బంతులు. బంతి నాలుగున్నర డాలర్లయితే 360 డాలర్లు. డాలరూ ముప్పావు అయితే 140. మిగిలిన 220 డాలర్లతో మంచి శిక్షకుడి దగ్గర రెండు మూడు పాఠాలు వస్తాయి. ఆ పాఠాలు ఇచ్చే 18 గజాల ముందు ఏ బంతీ నిలవదు.

కంపెనీలు చెప్పే వాదన కూడా చెప్పాలి. 'బంతిని గ్రీన్ నుంచి వెనక్కి ఎంచుకోండి, అన్ని దెబ్బల్లోనూ ఎక్కువ భాగం అక్కడివే' అంటారు. 85 కొట్టేవాడి విషయంలో నేను పూర్తిగా ఒప్పుకుంటాను. 105 కొట్టేవాడి చిప్ గాడులకి శుభ్రంగా తగిలేదే అరుదు. తగలని చోట యురెథేన్ స్పిన్ ఇవ్వలేదు. అతను నేర్చుకోవాల్సింది బంతిని గ్రీన్ ముందర వేసి దొర్లించడం. అయొనోమర్ బంతి ఆ దొర్లుడుని ఆట మార్చకుండా ప్రతిసారీ ఒకేలా ఇస్తుంది.

పరీక్ష మీరే చెయ్యండి

పెట్టె మాటా, నా మాటా నమ్మక్కర్లేదు. లాంచ్ మానిటర్ ఉన్న చోట అరగంట అద్దెకి తీసుకోండి. అక్కడి ప్రాక్టీసు బంతులు వద్దు, మీవి పట్టుకెళ్ళండి. రెండు రకాలు, ఒక్కోటి పదేసి దెబ్బలు, ఒకదాని తరవాత ఒకటి మార్చి మార్చి. అలిసిపోయాక కొట్టినవన్నీ ఒకే రకం మీద పడకుండా ఉంటాయి. ఒక్క అద్భుతమైన దెబ్బని చూసి మురిసిపోకుండా మధ్య విలువ చూడండి: గాలిలో దూరం, స్పిన్, అడ్డంగా ఎంత చెదిరాయి. రెండూ ఒకే రోజు కొట్టాలి. చలిలో బంతి తక్కువ పోతుంది, డెన్వర్ ఎత్తులో ఎక్కువ పోతుంది. జనవరి న్యూజెర్సీ అంకెల్ని జూన్ డాలస్ అంకెలతో పోల్చకండి.

నచ్చినది ఒకటి తేలాక సీజనంతా అదే ఆడండి. చెట్లలో దొరికినదీ, పాత సంచీలో ఉన్నదీ కలిపి ఆడితే ఏ తప్పు మీదో ఏ తప్పు బంతిదో ఎప్పటికీ తేలదు. వాడిన బంతులు కొనేటట్టయితే కడిగి అమ్మినవి పరవాలేదు, మళ్ళీ రంగు వేసినవి వద్దు. రంగు కింద ఏ బంతి ఉందో, ఏ గాటు ఉందో కనిపించదు.

అంకెలకి అందని సంగతి ఒకటుంది. క్లయింటుతో ఆడుతున్నప్పుడు సంచీలోంచి చౌక బంతి తీస్తే నామోషీ అని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. ముందర చెరువు ఉంది. నేలమీద ఉన్నది నాలుగున్నర డాలర్లు. పక్కన మేనేజరు. చేతులు బిగుసుకుంటాయి, స్వింగ్ సగంలో ఆగుతుంది, బంతి నీళ్ళలోకి పోతుంది. పోతే పోయిందనుకునే బంతిని మనిషి పూర్తిగా కొడతాడు. పక్కనున్నవాడు గుర్తుంచుకునేది బంతి మీది పేరు కాదు, వెతకడానికి మీరు ఎంతసేపు పట్టారన్నదే. మూడు నిమిషాలు మించి వెతకకూడదని నియమం కూడా ఉంది. జేబులోంచి ఇంకోటి తీసి, నవ్వి, ఆట సాగించగలిగే ధర ఏదో అదే మీ బంతి ధర.