అరువు ఊపిరి

‘వెంటిలేటర్ పెట్టారట’ అని తెలియగానే మన ఇళ్లలో చాలామంది సగం ఆశ వదులుకుంటారు. అది జబ్బును నయం చేసే యంత్రం కాదన్నది నిజమే. మందులు పనిచేసేదాకా, అలసిన రొమ్ము కండరాల చాకిరీని తాను చేసిపెడుతుంది. అంతవరకే దాని పని. ఆ గడువే ఒక్కోసారి ప్రాణం నిలుపుతుంది.

మామూలుగా మనం గాలిని లోపలికి తోసుకోం. డయాఫ్రం అనే కండరం కిందికి దిగితే ఛాతీలో పీడనం తగ్గి, గాలి దానంతటదే వస్తుంది. 1928లో బోస్టన్‌లో వాడుకలోకి వచ్చిన ‘ఇనుప ఊపిరితిత్తి’ మెడ దాకా మనిషిని పెట్టెలో ఉంచి ఈ పద్ధతినే అనుకరించేది. 1952లో కోపెన్‌హాగెన్‌ను పోలియో ముంచెత్తినప్పుడు బ్లెగ్దామ్ ఆసుపత్రిలో అలాంటి పెట్టె ఒక్కటే ఉంది. మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ ఎదురుదారి చూపాడు: గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం వేసి, రబ్బరు సంచి నొక్కుతూ గాలి పంపడం. నొక్కేదెవరు? దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా, రేయింబవళ్లు నొక్కారు. శ్వాస ఆడని రోగుల్లో నూటికి 80 మందికి పైగా పోతున్న చోట మరణాలు సగానికి తగ్గాయి. నేటి ఐసీయూకు పునాది పడింది అక్కడే. ఇప్పటి వెంటిలేటర్ చేసేదీ ఆ చేతుల పనే.

తోసే గాలి ఎక్కువైతే ఊపిరితిత్తులే చిట్లుతాయని తెలియడానికి చాలాకాలం పట్టింది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న 861 మందిపై అమెరికాలో జరిగి 2000లో వెలువడిన అధ్యయనంలో, ఒక్కో శ్వాసకు శరీర బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి బదులు 6తో సరిపెడితే మరణాలు 40 శాతం నుంచి 31కి తగ్గాయి. ఆ కిలోల లెక్క కూడా ఎత్తును బట్టే. ఒళ్లు చేసినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా!

నోటి గుండా వేసే గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్తుంది కాబట్టి రోగి మాట్లాడలేడు. అలారం మోగిన ప్రతిసారీ గండమూ కాదు, దగ్గినా మోగుతుంది. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లు డాక్టరును అడగాల్సింది ‘బతుకుతాడా’ అని ఒక్కటే కాదు. ఆక్సిజన్ ఎంత శాతం ఇస్తున్నారు, తనంతట తాను ఊపిరి తీయగలడేమో ఇవాళ పరీక్షించారా అని కూడా అడగాలి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. నిన్న 80 శాతం ఇవ్వాల్సి వచ్చిన మనిషికి ఇవాళ 50 చాలుతోందంటే, అది ఇంటికి ఫోన్ చేసి చెప్పదగ్గ కబురే.