పేరు రోగానికే, మనిషికి కాదు

మధుమేహాన్ని రక్తంలోని చక్కెర చెబుతుంది. క్షయను కఫం పరీక్ష పట్టిస్తుంది. డిప్రెషన్‌కు, స్కిజోఫ్రీనియాకు అలాంటి పరీక్ష నేటికీ లేదు. రక్తం తీసినా, మెదడు స్కాన్ చేసినా ఇది ఫలానా జబ్బేనని తేల్చే గుర్తు దొరకదు. రోగి చెప్పేది, ఇంట్లోవాళ్లు గమనించినది, డాక్టరు కంటికి కనిపించేది... ఈ మూడే ఆధారం. వీటిని ఒక క్రమంలో పెట్టి, వైద్యులందరూ ఒకే మాట మీద ఉండేలా చేయడానికే మానసిక రుగ్మతల వర్గీకరణ పుట్టింది.

దీనికి పునాది వేసినవాడు జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపలిన్. ఒక్కరోజు కనిపించిన లక్షణాలను కాక, జబ్బు ఏళ్ల తరబడి నడిచిన తీరును చూడాలన్నది ఆయన పద్ధతి. అలా చూసి 19వ శతాబ్దం చివర్లో తీవ్ర రుగ్మతలను రెండుగా విడదీశాడు. మనిషిని క్రమంగా క్షీణింపజేసేది ఒకటి, వచ్చి పోతూ మధ్యలో మామూలుగా ఉండనిచ్చేది మరొకటి. మొదటిదాన్ని స్విట్జర్లాండ్‌కు చెందిన వైద్యుడు బ్లాయిలర్ 1908లో స్కిజోఫ్రీనియా అన్నాడు. ఇప్పటి బైపోలార్ రుగ్మత రెండోదాని నుంచి వచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీలో మానసిక రుగ్మతలకు ప్రత్యేక విభాగం 1948 నాటి ఆరో కూర్పుతో మొదలైంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1952లో డీఎస్ఎం పేరుతో తన సొంత పుస్తకం తెచ్చింది. పుస్తకాలు వచ్చినా వైద్యుల మధ్య ఏకాభిప్రాయం రాలేదు. న్యూయార్క్ ఆసుపత్రుల్లో స్కిజోఫ్రీనియా అనే నిర్ధారణ లండన్‌లో కన్నా చాలా ఎక్కువగా కనిపించేది. పరిశోధకులు రెండు చోట్లా ఒకే ప్రశ్నావళితో, ఒకే ప్రమాణాలతో రోగులను పరీక్షిస్తే ఆ తేడా చాలావరకు మాయమైంది. 1972లో ప్రచురితమైన ఈ ఫలితాలతో తేడా రోగుల్లో కాదు, డాక్టర్ల అలవాట్లలోనే ఉందని రుజువైంది.

సైకియాట్రిస్టు రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో 1980లో వెలువడిన మూడో డీఎస్ఎం దీనికి జవాబు. కారణాల గురించిన ఊహలను పక్కనపెట్టి, ప్రతి రుగ్మతకూ లక్షణాల పట్టిక, కాలపరిమితి ఇచ్చింది. నేటి డీఎస్ఎం ప్రకారం డిప్రెషన్‌కు 9 లక్షణాల్లో కనీసం 5 రెండు వారాల పాటు ఉండాలి. వాటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఒకటి తప్పనిసరి. ఈ లెక్కన డిప్రెషన్ 227 రకాల కలయికల్లో రావచ్చు. ఒకే నిర్ధారణ పొందిన ఇద్దరికి ఉమ్మడిగా ఒక్క లక్షణమే ఉండే వీలూ ఉంది. ప్రమాణాలు డాక్టర్ల మధ్య పొంతన పెంచాయి. ఆ పేరు వెనుక ఒకే జబ్బు ఉందని మాత్రం అవి హామీ ఇవ్వలేవు.

పైగా ఈ పట్టికలు రాసేది మనుషులే కాబట్టి కాలంతో పాటు మారతాయి. స్వలింగ ఆకర్షణను రుగ్మతల జాబితా నుంచి అమెరికా సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తొలగించాయి. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ 11లో దీర్ఘకాల శోకం కొత్తగా చేరింది.

అయితే పట్టికలో టిక్కులు పెట్టడమే రోగి మదింపు కాదు. మంచి సైకియాట్రిస్టు మొదట కథంతా వింటారు. ఎప్పుడు మొదలైంది, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, మద్యం అలవాటు ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడుగుతారు. చనిపోవాలనే ఆలోచనల గురించి సూటిగా అడుగుతారు. మాట తీరు, ఆలోచనల వరస, జ్ఞాపకశక్తి గమనిస్తారు. థైరాయిడ్ లోపం కూడా డిప్రెషన్‌లా కనిపిస్తుంది కాబట్టి రక్తపరీక్ష రాస్తారు. తెలివితేటల పరీక్షలు, వ్యక్తిత్వ పరీక్షలు క్లినికల్ సైకాలజిస్టు పని. 9 ప్రశ్నల పీహెచ్‌క్యూ ఫారం వంటివి అనుమానం ఉన్నవాళ్లను వడగట్టడానికే. ఫోన్‌లో దాన్ని నింపి వచ్చిన మార్కులు చూసి జబ్బు ఉందనో లేదనో తేల్చుకోవడం తప్పు. తలనొప్పి, ఒళ్లునొప్పులు, నీరసం అంటూ వచ్చేవారిలోనూ డిప్రెషన్ దాగి ఉండవచ్చు. అడిగే డాక్టరు లేకపోతే వైద్యం నొప్పి మాత్రల చీటీతోనే ముగిసిపోతుంది.

పేరు ఒకటే అయినా బతుకులు ఒకటి కావు. వైకల్య ధ్రువపత్రానికి మన దేశం వాడే ఐడియాస్ కొలమానం అందుకే జబ్బు పేరు దగ్గర ఆగదు. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని... ఈ నాలుగింటిలో ఎంత ఇబ్బంది ఉందో లెక్కిస్తుంది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో అడుగు ముందుకేసింది. నిర్ధారణ ఐసీడీ వంటి ఆమోదిత ప్రమాణాల ప్రకారమే జరగాలంది. సామాజిక స్థితి, మతం, రాజకీయాలు, సమాజపు కట్టుబాట్లకు ఒదగకపోవడం ఆధారంగా ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టరాదంది. గతంలో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడూ జబ్బు ఉన్నట్టు కాదని కూడా చెప్పింది. పెళ్లి సంబంధాల దగ్గర, ఆస్తి తగాదాల్లో పాత మందుల చీటీలు బయటికి తీసేవారు ఈ నిబంధన చదవాలి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. అత్యధికులు చికిత్సకు దూరంగానే ఉన్నారు. నిర్ధారణ అంటే ముద్ర అన్న భయం పోనిదే ఈ దూరం తగ్గదు. ఆ భయాన్ని పోగొట్టాల్సింది డాక్టర్లు మాత్రమే కాదు, ఇల్లూ, ఊరూ కూడా. ఇబ్బంది పడుతున్నవారు, వారి ఇంటివారు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.