తొట్టిలో సాధువు, చెరువులో రాకాసి

అద్దాల తొట్టిలో పాచి తింటుందని ఇళ్లలో పెంచుతున్న సక్కర్ చేప చెరువులో పడితే రైతుకు శత్రువే. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప తొట్టిలో అద్దానికి అతుక్కుని సాధువులా ఉంటుంది. అక్కడ పెరగడానికి చోటు లేదు, బొరియ తవ్వుకుని గుడ్లు పెట్టడానికి మట్టి లేదు. చెరువులో ఆ రెండూ ఉన్నాయి. అడుగుకు పైగా పెరిగి గట్లను తొలిచేస్తుంది. దాని ముళ్లకు వలలు చిరుగుతాయి. ఒళ్లంతా పెంకు కావడంతో కొంగలు సులువుగా మింగలేవు. కృష్ణా, గోదావరి డెల్టా చెరువుల్లో ఇప్పటికే దీని బెడద ఉంది. పెరిగిన చేపను చంపడానికి చేతులు రాక చెరువులో వదలడం జాలి అనిపించుకోదు. అమ్మిన దుకాణదారులే తిరిగి తీసుకునేలా మత్స్యశాఖ అధికారులు చర్య తీసుకోవాలి.