మీటరు మంచిదన్నది, గీత కాదన్నది

మోకాళ్ల నొప్పి సంగతి ఈ నెల రాస్తానన్నాను. దాన్ని వచ్చే నెలకు జరిపిన. ముందు మా మేనల్లుని ఆంప్లిఫయర్ గోల చెప్పాలి. మన గల్లీల్లో సౌండ్ సెట్ కిరాయికిచ్చే పిల్లలు చాలామందే ఉన్నరు గదా.

సాంచాల పని బందయినంక వాడు అప్పు తెచ్చి సెట్ కొన్నడు. లగ్గాల సీజన్ల ఆంప్లిఫయర్ కాలింది. అందులో 2ఎన్3055 అనే ట్రాన్సిస్టర్లు నాలుగుంటయి, ఇనుప టోపీల తీరు. కొత్తవి కొని వేయించిండు. రెండో లగ్గంల బరాత్ నడుమనే అవీ కాలినయి. పెళ్లివాళ్లు కిరాయి ఇయ్యలేదు, పైనుంచి తిట్లు. మళ్లీ నాలుగు తెచ్చిండు. ఈసారి వేసే ముందు మీటరు పెట్టి చూస్తే నాలుగూ మంచియే అన్నది.

డిప్లొమాల ఎలక్ట్రానిక్స్ చదివే నా మనుమరాలు అడ్డం పడింది. "మామా, ఆగు. మీటరు రెండు మూడు వోల్టులే పెట్టి చూస్తది. నీ ఆంప్లిఫయర్ల 50 వోల్టులు పడతయి. కాలేజీల కర్వ్ ట్రేసర్ ఉంది, దాని మీద పెట్టి చూద్దాం" అన్నది. వాళ్ల సారు సరే అంటే నేనూ వెంట పోయిన.

మిల్లుల టెస్టింగ్ ఖాతా చూసినవాళ్లకు ఇది తొందరగా తెలుస్తది. నూలును కంటితో చూసి మంచిదంటే మాస్టర్ ఒప్పుకునేవాడా? 120 గజాల లీ చుట్టి, మిషన్ మీద తెగేదాక గుంజి, ఎన్ని పౌండ్లకు తెగిందో రాసేది. కర్వ్ ట్రేసర్ చేసేది ఆ పనే. వోల్టు సున్నా నుంచి మెల్లగ పెంచుకుంట పోతది, ఎంత కరెంటు పారుతున్నదో తెర మీద గీత గీస్తది. అడ్డంగ వోల్టు, నిలువుగ కరెంటు. తేడా ఒక్కటే, నూలు తెగిపోతది. ఇందులో కరెంటుకు అడ్డంగ రెసిస్టర్ ఉంటది కాబట్టి జాగ్రత్తగ చేస్తే ట్రాన్సిస్టర్ చావదు. కొత్త యంత్రం కూడ కాదు, అమెరికాల టెక్‌ట్రానిక్స్ కంపెనీ 1950లలోనే 575 అనే ట్రేసర్ అమ్మింది.

2ఎన్3055కు బేస్ ఖాళీగ ఉంచితే 60 వోల్టులు ఆగాలె, కంపెనీ కాగితంల అట్లనే ఉంది. ముందు నా డబ్బాల ఉన్న పాత రేడియోగ్రామ్ ట్రాన్సిస్టర్ పెట్టినం. గీత నేల మీద పాకుకుంట పోయి 70 దాటినంక గాని లేవలేదు. తర్వాత కొత్తవి. మూడు 40 దగ్గరనే నిట్టనిలువుగ లేచినయి! ఒక్కటే అసలుది. టోపీ మీద అచ్చు మాత్రం నాలుగింటికీ ఒక్కటే. మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు.

అంతటితో అయిపోలేదు. బేస్‌కు 10 మిల్లీ ఆంపియర్ల చొప్పున మెట్లు మెట్లుగ కరెంటు ఇస్తే తెర మీద ఒకదాని మీద ఒకటి గీతలు పడతయి. గీతల నడుమ సందు ఎంత ఎక్కువుంటే బలం అంత ఎక్కువ. నా డబ్బాల మంచివి ఆరు తేలినయి గాని, ఒకటి మెట్టుకు 300 మిల్లీ ఆంపియర్లు ఇస్తే ఇంకోటి 600 ఇచ్చింది. ఇది దొంగతనం కాదు. 4 ఆంపియర్ల దగ్గర 20 రెట్ల నుంచి 70 రెట్ల దాక ఏదైనా రావచ్చని కంపెనీనే రాసుకున్నది. కాని అసుంటి రెండింటిని పక్కపక్కన బిగిస్తే ఏమయితది? నిండు బీమును పొడుగోడు, పొట్టోడు కలిసి మోసినట్టే. ఒక్కని మీదనే బరువు పడతది, వాడే ముందు కూలుతడు. సందులు కలిసిన మూడింటిని ఏరి, కొత్తల్ల అసలుదానితో జత చేసినం.

పిల్లలు ఎవరన్న ఇది చేస్తే సారు దగ్గర ఉండంగనే చెయ్యండి. మూత వేసినంకనే వోల్టు పెంచాలె, సున్నా చేసినంకనే చెయ్యి పెట్టాలె. గీత వంగంగనే ఆపాలె. ఎక్కువసేపు ఉంచితే ట్రాన్సిస్టర్ వేడెక్కి గీతే జరిగిపోతది.

దుకాణాయన బిల్లు ఏదన్నడు. బిల్లు లేదు, పైసలు రాలేదు. మొన్న ఆదివారం లగ్గంల రాత్రి పదింటికి సెట్ ఆపినంక హీట్‌సింక్ మీద నాలుగు దిక్కుల చెయ్యి పెట్టి చూసిన. అంతటా ఒక్క తీరుగ వెచ్చగున్నది.